ఫైర్ ఎన్.ఓ.సి. ఎవరిస్తారండీ?

దసరా నుంచి దీపావళి దాకా ఈ శీర్షికకు నిప్పు గురించే ఉత్తరాలు వస్తాయి, మిగతా ఏడాది ఎవరికీ గుర్తుండదు. ఇంగ్లండ్‌లో హోటళ్ళూ దుకాణాలూ క్లినిక్‌లూ తిరిగి ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్లు (ఆ చోట నిప్పు ఎలా పుట్టొచ్చు, మనుషులు ఎలా బయటపడాలి అని చూసి రాసే నివేదికలు) రాయడం నా బతుకుతెరువు కాబట్టి నాకైతే ఈ సీజన్ అంటూ ఏమీ లేదు. వచ్చినవాటిలో ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. ఎవరి పేర్లూ వేయలేదు. ఒకదాంట్లో ఊరి పేరు కూడా కొట్టేశాను. ఎందుకో అది చదివితే మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, ఈస్ట్ హామ్‌లో నేనూ నా ఫ్రెండూ కలిసి టిఫిన్ సెంటర్ పెడుతున్నాం. కింద షాపు లీజుకు తీసుకున్నాం, పైన రెండు ఫ్లాట్లున్నాయి. పనివాళ్ళు నలుగురే. హైదరాబాద్‌లో హోటల్ నడిపే మా అన్నయ్య, ముందు ఫైర్ వాళ్ళ ఎన్.ఓ.సి. తెచ్చుకో, తర్వాతే పొయ్యి వెలిగించు అంటున్నాడు. ఇక్కడి ఫైర్ బ్రిగేడ్‌కి ఫోన్ చేస్తే అలాంటిది మేమివ్వం అన్నారు. ల్యాండ్‌లార్డ్ ఏజెంటేమో రిస్క్ అసెస్‌మెంట్ చూపించమంటున్నాడు. ఐదుగురి కంటే తక్కువమంది పనిచేసే చోట అది కాగితం మీద రాయక్కర్లేదని మా అకౌంటెంట్ మాట. అసలు డబ్బు ఎక్కడ కట్టాలి, కాగితం ఎవరిస్తారండీ?

జవాబు: ఎవరూ ఇవ్వరు బాబూ. రాసుకోవాల్సింది మీరే. ఈ ఒక్క ముక్క మింగుడుపడక మనవాళ్ళు ఎంతమంది ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటారో.

ఒకప్పుడు ఇక్కడా మీ అన్నయ్య చెప్పిన పద్ధతే ఉండేది. 1969లో క్రిస్మస్ మర్నాడు ఎసెక్స్‌లోని శాఫ్రన్ వాల్డెన్ అనే ఊళ్ళో రోజ్ అండ్ క్రౌన్ హోటల్ తగలబడి 11 మంది పోయారు. ఆ తర్వాత 1971లో ఫైర్ ప్రికాషన్స్ యాక్ట్ వచ్చింది. ఫైర్ బ్రిగేడ్ వాళ్ళు వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళు, యజమాని దాన్ని భద్రంగా దాచుకునేవాడు. ఆ మరుసటి ఏడు వెనక గదిలో సరుకు నిండిపోయినా, తలుపుకి తాళం పడినా కాగితం మాత్రం చెక్కుచెదిరేది కాదు. 2005 నాటి ఫైర్ సేఫ్టీ ఆర్డర్ 2006 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చి ఆ సర్టిఫికెట్లన్నిటికీ నీళ్ళొదిలింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనం కాపురముండే ఇళ్ళ లోపలి భాగం తప్పిస్తే దాదాపు అన్నిటికీ ఇదే చట్టం. నువ్వు సురక్షితం అని ప్రభుత్వం మీకు రాసివ్వదు. నీ చోటు నువ్వు చూసుకున్నావా అని మాత్రం అడుగుతుంది.

అడిగేది ఎవర్నంటే 'రెస్పాన్సిబుల్ పర్సన్'ని. పనిచేసే చోట, ఆ చోటు ఏ కొంచెమైనా తన చేతిలో ఉన్న యజమానే ఆ మనిషి. అంటే మీరిద్దరూ, కంపెనీ రిజిస్టర్ చేసి ఉంటే ఆ కంపెనీ. కంపెనీ వెనకాల దాక్కోవచ్చు అనుకోకండి. డైరెక్టర్ నిర్లక్ష్యం వల్లే జరిగిందని తేలితే డైరెక్టర్ని కూడా కోర్టుకు లాగుతారు.

అకౌంటెంట్ గారి మాట పాతబడింది. ఐదుగురి లెక్క 2023 సెప్టెంబర్ వరకే. ఆ అక్టోబర్ 1 నుంచి బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్‌లోని 156వ సెక్షన్ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు నలుగురున్నా ఒక్కరున్నా అసెస్‌మెంట్ మొత్తం రాసి పెట్టాల్సిందే. అది ఎవరు చేశారో కూడా అందులో ఉండాలి.

ఇక మీ చోటు సంగతి. పైన ఫ్లాట్లున్నాయి కాబట్టి వాటి మెట్లదారికి మరో రెస్పాన్సిబుల్ పర్సన్ ఉంటారు, ఫ్రీహోల్డరో (భవనం అసలు సొంతదారు) వాళ్ళ ఏజెంటో. మీరూ వాళ్ళూ ఒకరి వివరాలు ఒకరికి ఇచ్చుకోవాలి, కలిసి పనిచేయాలి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, చట్టంలో ఉంది. ఏజెంటు మీ అసెస్‌మెంట్ అడిగితే మీరూ వాళ్ళది అడగండి. చాలామంది ఏజెంట్లకు అక్కడే గొంతు తడారిపోతుంది. రాత్రి పదకొండింటికి మీ ఫ్రయ్యర్ అంటుకుంటే పైన నిద్రపోతున్న చంటిపిల్ల తల్లికి ఎలా తెలుస్తుంది? మీ అలారం వాళ్ళకి వినిపిస్తుందా? మీ సీలింగ్‌కీ వాళ్ళ నేలకీ మధ్య ఉన్న అంతస్తు సాధారణంగా గంటసేపు నిప్పుని ఆపగలిగేలా ఉండాలి. కానీ నేను ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తి టార్చి వేస్తే కనబడేది పాత అద్దెదారు పైపు కోసం కొట్టిన కన్నం, వైఫై వాడు కేబుల్ కోసం కొట్టిన మరో కన్నం. పొగకి ఆ కన్నాలు చాలు. లోపల పెయింట్ వేయించే ముందే అవి పూడ్పించండి.

వంటగదిలో నేను మొదట పొయ్యి దగ్గరికి వెళ్ళను, వెనక తలుపు దగ్గరికి వెళ్తాను. మన హోటళ్ళలో అక్కడ సోనా మసూరి బస్తాలు, నూనె డబ్బాలు, ఉల్లిపాయల సంచులు ఉంటాయి. "డెలివరీ ఇప్పుడే వచ్చిందండీ" అంటారు. ఎప్పుడెళ్ళినా ఇప్పుడే వచ్చి ఉంటుంది. ఆ తలుపు తాళంచెవి లేకుండా లోపల్నుంచి ఎవరైనా చటుక్కున తీయగలగాలి, మొన్న చేరిన అంట్ల కుర్రాడైనా సరే.

తర్వాత పొయ్యి మీది హుడ్. ఫిల్టర్లు రోజూ కడుగుతామంటారు, సంతోషం. ఫిల్టర్ దాటాక డక్ట్ (పొగని బయటికి పంపే గొట్టం) లోపల పేరుకున్న జిడ్డు ఎవరు కడుగుతారు? మంట ఫిల్టర్ దాటి డక్ట్‌లో దూరిందంటే పైకప్పు దాకా పోతుంది, మీ ఎక్స్‌టింగ్విషర్ దాన్ని అందుకోలేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు చూసే టి.ఆర్.19 అనే డక్ట్ శుభ్రత ప్రమాణం ప్రకారం మామూలుగా రోజుకి 12 గంటలు దాటి వండే వంటగదికి మూడు నెలలకోసారి, 6 నుంచి 12 గంటలైతే ఆరు నెలలకోసారి డక్ట్ శుభ్రం చేయించాలి. పొద్దున్న ఇడ్లీ దగ్గర్నుంచి రాత్రి దోసె దాకా నడిపే టిఫిన్ సెంటర్ ఏ లెక్కలోకి వస్తుందో మీరే చూసుకోండి. రసీదు దాచుకోండి, క్లెయిమ్ వేళ మొదట అడిగేది అదే.

కాగే నూనె అంటుకుంటే నీళ్ళు పోయకూడదని అందరికీ తెలుసు, అయినా చేతికి దొరికేది చెంబే. ఫ్రయ్యర్ దగ్గర వెట్ కెమికల్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ఎర్ర సిలిండర్ మీద పసుపు పట్టీ ఉంటుంది. కరెంటు సామాను దగ్గర నల్ల పట్టీది, కార్బన్ డయాక్సైడ్. ఎవరికీ తట్టనిది ఇంకొకటుంది: తువ్వాళ్ళు. నూనె పట్టిన గుడ్డల్ని ఉతికి, డ్రయ్యర్‌లో వేడివేడిగా తీసి, అలాగే కుప్పపోసి రాత్రి తాళం వేసుకుని వెళ్ళిపోతారు. ఉతికినా గుడ్డలో నూనె కొంత మిగిలే ఉంటుంది. కుప్ప మధ్యలో వేడి బయటికి పోలేక పెరిగి పెరిగి, అగ్గిపుల్ల అవసరం లేకుండానే రాజుకుంటుంది. విడివిడిగా పరిచి చల్లారాకే మడతపెట్టించండి.

డబ్బు సంగతి అడిగారు. చిన్న చోటు, తేలికైన నమూనా అయితే మీరే చేసుకోవచ్చు. చిన్న దుకాణాలు, హోటళ్ళ కోసం ప్రభుత్వం 2023లో ఒక గైడ్ వేసింది, వాళ్ళ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. చదివి, మీ షాపులో తిరుగుతూ రాయండి: ఏది అంటుకోగలదు, ఎవరు ఇరుక్కుపోగలరు, ఏం తీసేయగలం, మిగిలినదానికి ఏం చేశాం. అలారం వారానికోసారి నొక్కి చూడటం, ఎమర్జెన్సీ లైట్లు నెలకోసారి వెలిగించి చూడటం, ఎక్స్‌టింగ్విషర్లకి ఏడాదికోసారి సర్వీసు, ఇవన్నీ ఒక పుస్తకంలో తేదీతో రాయండి. పైన మనుషులు నిద్రపోతారు కాబట్టి మీ విషయంలో మాత్రం ఒకసారి తెలిసినవాళ్ళ చేత చూపించుకోవడం మంచిదంటాను.

ప్రశ్న: అక్కా, నేను ఇక్కడ మాస్టర్స్ చేస్తూ ఒక ఇండియన్ రెస్టారెంట్లో పార్ట్‌టైమ్ చేస్తున్నాను. ఓనర్ అంకుల్ మనవాళ్ళే. పైన రెండు గదుల్లో ఐదుగురం ఉంటాం, అద్దె జీతంలో పట్టుకుంటారు. కిందికి దిగే మెట్లు సరాసరి వంటగదిలోకే వస్తాయి. రాత్రి షట్టర్ వేసి తాళం ఆయనే పట్టుకెళ్తారు. డెలివరీ చేసే అన్నయ్య ఈ-బైక్ మెట్ల కిందే ఛార్జింగ్ పెడతాడు. భయంగా ఉంది, కానీ చెప్తే పని పోతుందేమో.

జవాబు: నాన్నా, ఈ రాత్రి అక్కడ పడుకోకు. ఫ్రెండు గదిలో నేల మీదైనా సరే. మిగతా నలుగురికీ చెప్పు. చట్టం గురించి తర్వాత మాట్లాడదాం అనేవి కొన్నే ఉంటాయి, ఇదొకటి.

వంటగదిలో మంట పుడితే మీకున్న ఒకే దారి ఆ మంటలోకి దిగుతుంది. దిగినా షట్టర్‌కి తాళం. ఎమర్జెన్సీలో వాడే తలుపుని ఎవరైనా తేలిగ్గా, వెంటనే తీయలేనట్టుగా బిగించకూడదని ఫైర్ సేఫ్టీ ఆర్డర్ 14వ ఆర్టికల్ సూటిగా చెప్తుంది. బైక్ మాట వేరే చెప్పాలా? 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంట లేచింది. పైన లాడ్జిలో దిగినవాళ్ళు 8 మంది చనిపోయారు. కింద పుట్టిన పొగ మెట్లదారిన పైకి లేస్తుంది, మనిషి దిగాల్సింది కూడా అదే దారి. లిథియం బ్యాటరీ ఒకసారి అదుపు తప్పితే దుప్పటి కప్పి ఆర్పేది కాదు. మెట్ల కింద ఛార్జింగ్ ఈ పూటే ఆపించు.

రేపు పొద్దున మీ ఏరియా ఫైర్ అండ్ రెస్క్యూ సర్వీస్‌కి ఫోన్ చేసి ఫైర్ సేఫ్టీ విభాగాన్ని అడుగు. మంట లేదు కాబట్టి 999 కాదు, వాళ్ళ ఆఫీసు నంబరు. నువ్వు నాకు రాసిన నాలుగు వాక్యాలే చెప్పు: పైన నిద్ర, మెట్లు వంటగదిలోకి, తాళం, బ్యాటరీ. పేరు బయటికి రానివ్వొద్దని ముందే అడుగు. ప్రాణాపాయం ఉందని వాళ్ళకి తోస్తే అక్కడికక్కడే ప్రొహిబిషన్ నోటీసు ఇచ్చి ఆ గదుల్లో ఎవరూ పడుకోకుండా ఆపేస్తారు. అప్పీలు చేసుకున్నా, కోర్టు చెప్తే తప్ప ఆ నోటీసు ఆగదు. కౌన్సిల్‌కి కూడా చెప్పవచ్చు. ఒకే కుటుంబం కాని ఐదుగురు వంటగదో బాత్రూమో పంచుకుని ఉండే ఇంటికి హౌసింగ్ యాక్ట్ 2004 కింద లైసెన్సు కావాలి. మీ అంకుల్ దగ్గర అది ఉందో లేదో వాళ్ళే చూసుకుంటారు.

పని పోతుందన్న భయం నిజమే, కాదనను. పనిచోటులో ప్రమాదం ఉందని చెప్పినందుకు ఉద్యోగిని వేధించినా తీసేసినా ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ యాక్ట్ 1996లో 44, 100 సెక్షన్లున్నాయి, మొదటిరోజు నుంచే వర్తిస్తాయి. అయినా కేసు గెలవడం ఒక ఎత్తు, వచ్చే నెల అద్దె ఇంకో ఎత్తు. అందుకే ముందు పడుకునే చోటు చూసుకో, తర్వాత ఫోన్ చెయ్యి.

ఈ పేజీ చదువుతున్న ఓనర్లకి ఒక మాట. "పాపం పిల్లలని ఊరికే చోటిచ్చాను" అనే మాట నేను చాలాచోట్ల విన్నాను. ఆ ఔదార్యం మీ ఇంట్లో గదికి చూపించండి. ఈ ఆర్డర్ కింద క్రౌన్ కోర్టు వేయగల జరిమానాకి పైపరిమితి లేదు, రెండేళ్ళ దాకా జైలు కూడా.

ప్రశ్న: నమస్తే. రెడింగ్ దగ్గర ఒక స్కూల్ హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ చేస్తున్నాం. మూడు వందలమంది దాకా వస్తారు. మాది లాభం కోసం చేసేది కాదు, అందరం వాలంటీర్లమే. ఈ ఫైర్ రూల్స్ మాకూ వర్తిస్తాయా? హాలు వాళ్ళు చూసుకోరా?

జవాబు: ఇద్దరూ చూసుకోవాలమ్మా. చట్టం వ్యాపారం అని మాత్రమే అనలేదు, లాభానికైనా కాకపోయినా అని స్పష్టంగా అంది. కట్టడం, అలారం, తలుపులు హాలు వాళ్ళ బాధ్యత. ఆ సాయంత్రం కుర్చీలు ఎక్కడ వేశారు, ఎంతమందిని రానిచ్చారు అన్నది మీ చేతిలో ఉంటుంది. చేతిలో ఉన్నంత మేరకు బాధ్యతా మీదే.

మొదట అడగాల్సింది ఆ హాలులో ఎంతమంది పడతారని కాదు, ఎంతమంది బయటపడగలరని. ఇక్కడి లెక్క ప్రకారం 750 మిల్లీమీటర్ల తలుపు 60 మందికి, 850ది 110 మందికి, 1050ది 220 మందికి. రెండు తలుపులుంటే కలిపేయకూడదు. మంట ఒక తలుపు దగ్గరే పుట్టిందనుకుని, పెద్దదాన్ని లెక్కలోంచి తీసేయాలి. మీ హాలుకి 1050వి రెండే ఉంటే మీ సంఖ్య 440 కాదు, 220. మూడు వందలమంది వస్తారంటున్నారు. హాలు వాళ్ళ అసెస్‌మెంట్లో ఏ అంకె రాసి ఉందో ఈ వారమే అడగండి. తక్కువుంటే రెండు విడతలుగా పెట్టుకోండి, ఆట ఎక్కడికీ పోదు.

నేను వెళ్ళిన పండగల్లో అడ్డం పడేవి ఎప్పుడూ ఒకటే. భోజనాల బల్లలు ఎగ్జిట్ తలుపు ముందు వేస్తారు, ఎందుకంటే కేటరింగ్ వాన్ అటువైపే ఆగుతుంది. పిల్లల బగ్గీలన్నీ కారిడార్లో వరుసగా నిలబెడతారు. టికెట్ లేనివాళ్ళు దూరకుండా పక్క తలుపుకి గొలుసు చుడతారు, ఇది మాత్రం నేరం, వాదన లేదు. స్టేజి వెనక కట్టే జరీ గుడ్డలు, థర్మకోల్ గోపురాలు నిమిషాల్లో అంటుకుంటాయి. వాటి పక్కన దీపాలొద్దు, బ్యాటరీ దీపాలు పెట్టుకోండి. బతుకమ్మ మీద ఒత్తి వెలిగిస్తే చీరకొంగులకి దూరంగా, పక్కన ఒక మనిషి నిలబడి ఉండాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మోకాళ్ళ నొప్పులతో గబగబా లేవలేరు, వీల్‌చెయిర్లలో కూడా కొందరుంటారు. వాళ్ళని తలుపుకి దగ్గరగా కూర్చోబెట్టి ఎవరు ఎవర్ని పట్టుకెళ్ళాలో ముందే అనుకోండి. మొదటి పాటకి ముందే మైకులో తెలుగులో చెప్పండి: తలుపులు ఎటున్నాయి, అలారం మోగితే ఎక్కడ కలవాలి. చెప్పులు వెతుక్కోవద్దని కూడా.

ప్రశ్న: లెస్టర్లో మా ఆవిడకి డెంటల్ క్లినిక్ ఉంది. ఆన్‌లైన్లో చౌకగా దొరికిందని రిస్క్ అసెస్‌మెంట్ చేయించాం. నలభై పేజీలొచ్చింది. అందులో "లిఫ్ట్ వాడవద్దని బోర్డు పెట్టండి" అని ఉంది. మాది గ్రౌండ్ ఫ్లోర్, లిఫ్టే లేదు. సంతకం చేసినవాళ్ళదే బాధ్యత కదా, మేం నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: ఉండకూడదు. మనిషిని పెట్టుకోవచ్చు గానీ బాధ్యతని అద్దెకివ్వలేం. లిఫ్ట్ లేని చోట లిఫ్ట్ గురించి రాసినవాడు ఆక్సిజన్ సిలిండర్ ఉన్న గది గురించి ఏం రాశాడో చూశారా? ఆ రిపోర్టు మీ క్లినిక్‌ది కాదు, ఇంకెవరి ఆఫీసుదో పేరు మార్చి పంపారు.

రాసినవాళ్ళకీ శిక్ష పడుతుంది, నిజమే. 2011లో మాన్స్‌ఫీల్డ్‌లోని రెండు చిన్న హోటళ్ళ కేసులో నాటింగ్‌హామ్ కోర్టు అసెసర్‌కి ఎనిమిది నెలలు జైలు వేసింది. యజమానికీ ఎనిమిది నెలలే వేసింది. మీకు కావాల్సిన జవాబు అందులో ఉంది. ఈసారి పెట్టుకునేముందు ఫైర్ సేఫ్టీ పనివాళ్ళకి గుర్తింపునిచ్చే బేఫ్ సంస్థ ఎస్.పి.205 పథకంలోనో, ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఫైర్ ఇంజనీర్స్ రిజిస్టర్లోనో వాళ్ళ పేరుందా చూడండి. మీ చోటుకి రాకుండా ఫోటోలు పంపమనేవాళ్ళని అక్కడితో వదిలేయండి.

ప్రశ్న: గ్లాస్గోలో మా బాబాయి కిరాణా కొట్టుకీ ఇదే చట్టమా?

జవాబు: కాదు. స్కాట్లాండ్‌కి ఫైర్ స్కాట్లాండ్ యాక్ట్ 2005 వేరే ఉంది, అక్కడ 'డ్యూటీ హోల్డర్' అంటారు. చేయాల్సిన పని మాత్రం చాలావరకు ఇదే. బాబాయి గారికి ఇంగ్లండ్ గైడ్ ప్రింట్ తీసి ఇవ్వకండి, స్కాట్లాండ్ ప్రభుత్వానిది తీసివ్వండి.

ప్రశ్న: స్లావ్‌లో మా గ్రోసరీ స్టోర్‌కి ఫైర్ ఆఫీసర్ వచ్చి, గడువులోపు తప్పులు సరిదిద్దాలని ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు ఇచ్చి వెళ్ళాడు. స్టోర్ రూమ్ ఫైర్ డోర్‌కి చెక్క ముక్క అడ్డం పెట్టామని, స్టాఫ్‌కి ట్రైనింగ్ లేదని, అలారం పుస్తకం లేదని. ఇరవై ఏళ్ళుగా ఒక్కసారి కూడా ఏమీ కాలలేదు. ఏమీ జరక్కుండానే ఇదేం అన్యాయం? అప్పీలు చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు, మేజిస్ట్రేట్ కోర్టులో, నోటీసు అందిన 21 రోజుల్లోగా. అప్పీలు తేలేదాకా నోటీసు ఆగుతుంది కూడా. కానీ ఏ పాయింటు మీద చేస్తారు? చెక్క ముక్క ఉందా లేదా? ఉంది. ఈ చట్టంలో నేరానికి మంట అవసరం లేదు. మంట వస్తే మనిషి చనిపోయేంతగానో, తీవ్రంగా గాయపడేంతగానో ప్రమాదంలో పెట్టారా అన్నదే ప్రశ్న. 2007లో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో న్యూ లుక్ బట్టల దుకాణం కాలింది. ఒక్కరు కూడా చనిపోలేదు. అయినా 2009లో 4 లక్షల పౌండ్ల జరిమానా పడింది. తప్పుల్లో స్టాఫ్ ట్రైనింగ్ లేకపోవడం ఒకటి.

ఫైర్ డోర్ తెరిచిపెట్టుకోవాలని ఎందుకు అనిపిస్తుందో నాకు తెలుసు. ట్రాలీతో పదిసార్లు తిరగాలి, తలుపేమో ప్రతిసారీ మూసుకుంటుంది. దానికి అలారం మోగగానే తలుపుని తనంతట తానే వదిలేసే హోల్డ్-ఓపెన్ పరికరాలున్నాయి. అది పెట్టించండి, చెక్క ముక్క పారేయండి. స్టాఫ్‌ని పొద్దున షట్టర్ తీయకముందు నిలబెట్టి, అలారం ఎక్కడ నొక్కాలి, ఎటు పోవాలి, ఎవరు కస్టమర్లని బయటికి పంపాలి అని చెప్పి సంతకాలు తీసుకోండి. పుస్తకం మొదలుపెట్టండి. కానీ పాత తేదీలు వేసి నింపొద్దు. ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఆర్నెల్ల రాతలు ఆఫీసర్లు ఇట్టే పడతారు, తప్పుడు రికార్డు రాయడం విడిగా మరో నేరం.

హోల్డ్-ఓపెన్ పరికరం బిగించేవాళ్ళు మీ గడువులోపు దొరక్కపోతే, కొటేషన్ కాగితం జతచేసి నోటీసులో సంతకం పెట్టిన ఆఫీసర్‌కి గడువు తీరకముందే రాయండి. అప్పీలు పెండింగ్‌లో లేకపోతే గడువు పొడిగించే అధికారం వాళ్ళకుంది.